కలువకాడ గొలుసు

దొర గడీ ముందు దించిన గంపలో మళ్ళీ చెయ్యి పెట్టకూడదు. ఈ సంగతి నీరడి కనకయ్యకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. వాళ్ళ నాయిన గంప దించి పది అడుగులు వెనక్కి నడిచేవాడు. అది చూసి కనకయ్య కూడా నడిచాడు. గడీ పనిమనిషి వచ్చి గంప మీద నీళ్ళు చల్లుతుంది. నీళ్ళు పడ్డాక అందులో ఉన్నవి చేపలైనా, పూలైనా గడీవి. వాటిని కనకయ్య మళ్ళీ తాకితే మైల.

నెల్లికుదురు దిక్కున జమ్ములపల్లి. ఆ ఊరి చెరువుకు కనకయ్య నీరడి. తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడడం వాళ్ళ ఇంటి పని. దాంతోపాటు ఇంకో పని కూడా ఉండేది. అది దొర షికారు చెరువు. చలికాలం బాతులు దిగినప్పుడు హైదరాబాదు నుంచి అధికారులు రైల్లో కేసముద్రం వచ్చి, అక్కడి నుంచి బండ్ల మీద ఊరు చేరి, మూడు రోజులు తుపాకులు కాల్చి పోయేవారు. వాళ్ళ కోసం మిగతా ఏడాదంతా పిట్టలను కాయాలి. ఎవరూ వల వేయకూడదు, రాయి విసరకూడదు, గూట్లో గుడ్డు తీయకూడదు. ఒక కరువు ఏడు కనకయ్య అన్న రెండు నీటికోడి గుడ్లు ఇంటికి తెచ్చుకున్నాడు. పొద్దు గూకేదాకా గడీ ముందు వీపు మీద బండతో వంగి నిలబడ్డాడు. ఆయన మళ్ళీ నిటారుగా నడవలేదు. గుడ్ల సంగతి గడీలో చెప్పింది కనకయ్యే. చెప్పకపోతే ఆ బండ అతని వీపు మీదికి వచ్చేది.

చెరువు నడుమ ఒక లంక ఉంది. దాని మీద ఇరవై దాకా నల్లతుమ్మలు. వానలు పడి నీళ్ళు ఎక్కితే చెట్ల మొదళ్ళు మునిగి, నడిమిట్ల నాలుగు మంచాలు పట్టేంత నేల మిగులుతుంది. ఆషాఢంలో కొంగలు, నీటికాకులు వచ్చి ఆ తుమ్మల మీద పుల్లలు పేర్చుతాయి. శ్రావణంలో గుడ్లు పెడతాయి. బతుకమ్మ నాటికి పిల్లలు గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టుకుంటాయి. కింద రెట్ట, చేపముక్కల కంపు. అరుపులకు పక్క మనిషి మాట వినబడదు. లంక చుట్టూ జమ్ము, మనిషెత్తు. జమ్ము బయట ఎర్రకలువ, ఇంకా బయట తెల్ల అల్లి. కట్ట కింద బురదలో నీరుగొబ్బి, ముళ్ళ నడుమ నీలం పూలతో. గట్ల మీద గునుగు.

దొరల మీద తిరగబడ్డ సంఘం ఊళ్ళోకి వచ్చిన ఏడు దొర హైదరాబాదు పారిపోయాడు. మొదటి వారం ఊరంతా చెరువు మీద పడింది. చేపలు పట్టారు, చిలువ పిట్టలను కొట్టి వండుకున్నారు. కనకయ్య కూడా తిన్నాడు. ఎముకలు ఉమ్మి, "ఇందుల ఏముందని ఇన్నేండ్లు కావలి కాసిన్నే నేను!" అన్నాడు. అందరూ నవ్వారు. వారం తర్వాత సంఘం మీటింగులో కనకయ్య బిడ్డ సత్తెమ్మ లేచి నిలబడింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు.

"చెరువు మనది. చేపలు పట్టుకుందాం. గని లంక మీది గూళ్ళు ముట్టద్దు. ఆడ పిల్లలున్నయి," అంది.

"దొర పోయిండనుకుంటే దొరసాని వచ్చిందిరో!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, సత్తెమ్మ కూడా. కానీ గూళ్ళు ఎవరూ ముట్టలేదు.

ఆ తర్వాత కనకయ్య గడీ అరుగు మీద కూర్చున్నాడు. గడీ బావిలో నీళ్ళు తోడుకొని తాగాడు. మొదటిసారి చేద పట్టుకొని అటూ ఇటూ చూస్తుంటే సత్తెమ్మ నవ్వింది. "నీళ్ళే నాయినా, కరవయి," అంది. నెల తిరిగేసరికి అట్లా చూడడం మానేశాడు.

నలభై ఎనిమిదిలో సైన్యం వచ్చింది. నైజాం దిగిపోయాడన్నారు. ఊళ్ళో పప్పుబెల్లాలు పంచుకున్నారు. పది రోజులకు దొర తిరిగి వచ్చాడు, తల మీద ఖద్దరు టోపీతో. సైన్యం గడీ పక్కన క్యాంపు వేసింది. సత్తెమ్మ దళంతో అడవికి వెళ్ళింది. క్యాంపులో కనకయ్యను మూడు రోజులు ఉంచి అడిగారు. "భూపాలపల్లి అడవులకు పోయిందట దొరా, బాంచెన్," అన్నాడు. అప్పటికి అది నిజమే. బాంచెన్ అన్న మాట నోట్లోకి తిరిగి రావడానికి ఒక్క పూట పట్టింది. గంప దించి పది అడుగులు వెనక్కి నడవడానికి అంత కూడా పట్టలేదు.

నలభై తొమ్మిది భాద్రపదంలో సత్తెమ్మ తిరిగి వచ్చింది. ఊళ్ళోకి కాదు, లంక మీదికి. వెంట రెడ్యా అనే తండా పిలగాడు. దళంలో ఆమెతో పాటు పనిచేసేవాడు, ఆమె ఈడువాడే. తొడలో తూటా దిగింది, నడవలేడు. దళం ముందుకు పోయింది, వీళ్ళిద్దరూ వెనకబడ్డారు. కొంగల గూళ్ళ కిందికి ఎవరూ రారని సత్తెమ్మకు తెలుసు. కంపు ఉంది, పాములున్నాయి, దారి తెలిసిన తెప్ప ఊళ్ళో ఒక్కటే ఉంది. అది నాయినది.

తిండి చేరవేయడం ఎట్లా అన్నది కనకయ్యే ఆలోచించాడు. ఎంగిలిపూల నాటి నుంచి తొమ్మిది దినాలు గడీ బతుకమ్మకు పూలు కావాలి. అవి తేవడం నీరడి వెట్టి. ఒడ్డు పక్క కలువలను ఆ ఏడు క్యాంపు కంచరగాడిదలు మేసేశాయి. కనకయ్య గడీకి పోయి, "లంక కాడ తప్ప ఇంకేడ కలువ లేదు దొరా, తెల్లారుగట్ల పోయి తెస్త," అని తనే చెప్పాడు. దొర సరేనన్నాడు. అట్లా గడీ హుకుంతోనే రోజూ లంకకు పోయాడు, పోయేటప్పుడు గంపలో జొన్న గట్క, వచ్చేటప్పుడు పూలు. పూల గంపను ముందు ఇంటికి తెచ్చేవాడు. భార్య కొమురమ్మ వాడినవి ఏరేసి, గంప సర్ది ఇచ్చేది. అప్పుడు గడీకి పట్టుకుపోయేవాడు. ఎనిమిది దినాలు ఇట్లా నడిచింది. జన్మలో మొదటిసారి దొరను మోసం చేశానని కనకయ్యకు లోపల సంబురంగా ఉండేది. కొమురమ్మతో అన్నాడు కూడా. "నోరు మూసుకో," అంది ఆమె.

తొమ్మిదో దినం సద్దుల బతుకమ్మ. పొద్దు పొడవకముందే తెప్ప లంకకు చేరింది. రెడ్యా తుమ్మ మొదలుకు ఆనుకొని కూర్చున్నాడు. గట్క ముంత విప్పి వేలితో నాకాడు.

"కాకా, దొర మీ ఇంట్ల ఉప్పు గూడ గుంజుకపోయిండా ఏంది?"

"తినవయ్య. నిన్న ఉప్పెక్కువైందన్నవ్. అందుకే మీ కొమురక్క ఇయ్యాల ముట్టనే లేదు."

"అక్కకు కోపం ఎక్కువ. సత్తికి ఆడికెళ్ళే వచ్చింది."

సత్తెమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మొహం కడుక్కుంటోంది. వెనక్కి తిరగకుండానే, "కాలు నయమైనంక నడుస్తవో, నేనే ఈడ్సుకపోవాల్నో, అప్పుడు జెప్త నా కోపం," అంది.

కాలు నయమవుతోంది. రెడ్యా లేచి, కట్టె పట్టుకొని, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూపించాడు. దసరా ఎల్లుండి. ఆ సాయంత్రం ఊరూ క్యాంపూ జమ్మి చెట్టు కాడికి పోతాయి. చెరువు మీద మనిషి ఉండడు. అప్పుడు కనకయ్య తెప్పలో ఇద్దరినీ చెరువు నీళ్ళు పొర్లే మత్తడి దాటించాలి. అక్కడి నుంచి తండా వాళ్ళు అందుకుంటారు.

"ఇంక రెండు దినాలు," అన్నాడు కనకయ్య. "జర జాగ్రత్త బిడ్డా. పిట్టల మీద కన్నుంచుండ్రి."

మొదటి రోజే చేసుకున్న ఒప్పందం అది. లంకకు ఎవరు వచ్చినా ముందు పిట్టలు లేస్తాయి. కనకయ్య తెప్పకు లేవవు, అతన్ని గుర్తుపడతాయి. పిట్టలన్నీ ఒక్కసారి లేచాయంటే ఇద్దరూ జమ్ములోకి దిగి ముక్కుదాకా మునగాలి. జమ్ములో మునిగిన మనిషిని మూడు గజాల నుంచి కూడా కనిపెట్టలేరు.

"అవి రోజూ లేస్తనే ఉన్నయి గద నాయినా," అంది సత్తెమ్మ. "క్యాంపు ఆఫీసరు కట్ట మీదికెళ్ళి కాలుస్తుండు. ఒక్కోనాడు పొద్దుగాల, ఒక్కోనాడు మాపటికి. మొదట్ల రెండు దినాలు మునిగినం. రెడ్యా పుండు నాని చీము పట్టింది. ఇంక మునుగుత లేం."

"ఇప్పుడైతే ఆ చప్పుడుకు నాకు నిద్ర గూడ తెలివి గాదు," అన్నాడు రెడ్యా.

కనకయ్యకు అది నచ్చలేదు. కానీ పుండు చూశాడు. సత్తెమ్మ చెప్పింది నిజమే. పాత గుడ్డ విప్పి, పసుపు అద్ది, కొత్త గుడ్డ కట్టడానికి కూర్చున్నాడు. ఆ లోపు సత్తెమ్మ గంప తీసుకొని కలువల్లోకి దిగింది. పూలు కోసి, గంప నింపి, వాడకుండా పైన అల్లి ఆకులు పరిచి తెప్పలో పెట్టింది.

"నాయినా, గంప అవ్వనే విప్పమను."

"ఎందుకు?"

"విప్పమను, అంతే. ఆడోళ్ళ ముచ్చట నీకెందుకు?"

తల్లి కొమురమ్మ కోసం మంచి పువ్వు ఏదో ఏరి పెట్టి ఉంటుందనుకున్నాడు. మళ్ళీ అడగలేదు. రెండేళ్ళుగా సత్తెమ్మ బతుకమ్మ ఆడలేదు.

తెప్ప కట్టకు చేరేసరికి గడీ జీతగాడు సంజీవ అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఎంత సేపే? దొరసాని పరేషాన్ చేస్తుంది. ఇయ్యాల పెద్ద బతుకమ్మ పేర్వాలెనట. సీదా గడీకి నడువు."

"ఇంటికి పోయి వాడినయి ఏరి తెస్త. కొమురమ్మ..."

"వాడినయి ఆళ్ళే ఏరుకుంటరు. నీ కొమురమ్మ చెయ్యి తగలకపోతే గౌరమ్మ అలుగుతదా? నడువు, నన్ను తిట్లు తినిపియ్యకు."

కనకయ్య నిలబడ్డాడు. గంప దించి ఆకులు తీసి చూడవచ్చు. సంజీవ చూస్తున్నాడు. చూస్తే ఏముంది, అందులో ఉండేది పువ్వే కదా అనుకున్నాడు. గంప నెత్తికెత్తుకున్నాడు.

గడీ అరుగు మీద దొర, క్యాంపు ఆఫీసరు కుర్చీల్లో కూర్చొని చాయ్ తాగుతున్నారు. ఆఫీసరు వీపు వాకిలి వైపు ఉంది. దొర ఉర్దూలో ఏదో చెబుతుంటే వింటున్నాడు. కనకయ్య వాకిట్లో గంప దించి పది అడుగులు వెనక్కి నడిచి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పనిమనిషి పోచమ్మ చెంబుతో వచ్చి నీళ్ళు చల్లింది. పోచమ్మ ఉండేది కనకయ్య వాడ పక్కనే. వంగి, పైనున్న అల్లి ఆకులు రెండు పక్కలకు తీసింది.

పూల మీద కలువకాడ గొలుసు ఉంది.

కలువ కాడను గోటితో ఒక పక్కకు విరిచి, తునకను తోలుకు వేలాడనిచ్చి, తర్వాతి తునకను ఇంకో పక్కకు విరుస్తారు. తోలు తెగకూడదు. తెగకుండా చివరిదాకా వస్తే కాడ రెండు పేటల గొలుసవుతుంది, పువ్వు బిళ్ళ అవుతుంది. ఊళ్ళో ఆడపిల్లలందరూ చేస్తారు. సత్తెమ్మ చేసేది వేరు. మూడు తునకలు చిన్నవి, నాలుగోది పొడుగు. కొసన ఒక మొగ్గను కొక్కెంలాగా తగిలిస్తుంది. ఆ తీరు ఆమె ఒక్కతిదే. చిన్నప్పుడు గడీ పెరట్లో దొర బిడ్డను ఎత్తుకొని ఆడించే పని ఆమెది; పొద్దు గూకాక ఆ పిల్లకు నీళ్ళు పోసి లోపలికి తీసుకునేవారు. రోజుకొక గొలుసు చేసి ఆ పిల్ల మెడలో వేసేది. ఇంటికి వచ్చి అవ్వ మెడలోనూ వేసేది.

పోచమ్మ గొలుసును చూసింది. తలెత్తి కనకయ్యను చూసింది. చేతిలోని ఆకును గొలుసు మీదికి జరిపింది. అది సగమే కప్పింది. లోపలి నుంచి దొరసాని "తాంబాళం తేవే!" అని కేకేసింది. పోచమ్మ వాకిలి అటు ఇటు చూసి, కనకయ్య వైపు కళ్ళతో గంపను చూపించి, లోపలికి వెళ్ళింది.

వాకిట్లో గంప ఒక్కటే ఉంది. ఆఫీసరు వీపు ఇటే ఉంది. దొర చాయ్ సాసర్‌లో పోసుకొని ఊదుకుంటున్నాడు. సంజీవ పశువుల కొట్టం వైపు పోయాడు. నూరు లెక్కపెట్టేంత సేపు ఆ గంపను ఎవరూ చూడలేదు. పది అడుగులు నడిచి, చెయ్యి పెట్టి, గొలుసు తీసి, ధోవతి మడతలో దోపుకుంటే అయిపోయేది.

కనకయ్య చేతులు కట్టుకొనే ఉన్నాడు. నీళ్ళు చల్లిన గంప అది. ఎందుకు కదలలేదని తర్వాత కొమురమ్మ అడిగింది. ఊళ్ళో అడిగారు. తనను తానే అడిగి చూసుకున్నాడు. భయపడ్డానని చెప్పడానికి కూడా లేదు. భయపడేంత ఆలోచన అప్పుడు రాలేదు. కాళ్ళు వెనక్కి నడిచి ఆగిన చోట ఆగి ఉన్నాయి, అంతే.

పోచమ్మ తాంబాళంతో వచ్చింది. ఆమె వెనక చిన్నదొరసాని వచ్చింది. దొర బిడ్డ, పదకొండేళ్ళది. పరుగున వచ్చి గంప మీద వంగింది.

"సత్తి గొలుసు!" అంది. తీసి మెడలో వేసుకుంది. "నాయినగారూ, చూడండి, సత్తి చేసింది. మూడు చిన్నవి, ఒకటి పొడుగు. మొగ్గ చూడండి! సత్తి వచ్చిందా కనకయ్యా? నా దగ్గరికి రాలేదేం?"

ఆ పిల్ల మొహంలో సంతోషం తప్ప ఇంకేమీ లేదు. దొర మొదట నవ్వాడు. తర్వాత సాసర్ కింద పెట్టాడు. ఆఫీసరు కుర్చీ తిప్పుకొని ఏమిటని అడిగాడు. దొర ఉర్దూలో చెప్పాడు. ఆఫీసరు లేచి వచ్చి పిల్ల మెడలోని గొలుసును వేళ్ళతో పట్టుకొని చూశాడు. కలువ కాడ కోసిన రెండు మూడు గంటలకు నల్లబడుతుంది. ఇది పచ్చగా ఉంది. తెంపిన చోట ఇంకా జిగురు కారుతోంది.

"ఎవరు చేసిన్రురా ఇది?" అన్నాడు దొర.

"నేనే దొరా. చిన్నదొరసానికని చేసిన."

"నువ్వే?"

"నేనే, బాంచెన్. బిడ్డ చేస్తుంటే చూసి నేర్సుకున్న."

దొర ఆ మాట ఆఫీసరుకు చెప్పాడు. ఆఫీసరు ఒక్క ముక్క అన్నాడు. దొర తల ఊపాడు.

"అయితే ఇంకోటి చెయ్యి. ఈన్నే, మా ముంగట."

కనకయ్య కదలలేదు.

"గంపల పూలున్నయి గదరా. తీసుకో."

"నీళ్ళు చల్లిన్రు దొరా."

"నేనే చెప్తున్న గద. చెయ్యి పెట్టు."

అప్పుడు కనకయ్య పది అడుగులు ముందుకు నడిచి, వంగి, గంపలో చెయ్యి పెట్టాడు. ఒక ఎర్రకలువను తీశాడు. కాడను బొటనవేలి గోటితో విరిచాడు. తోలుతో సహా తెగింది. ఇంకోటి తీశాడు. రెండో తునక దగ్గర తెగింది. తూము చట్రం పట్టి తిప్పే చేతులు అవి. మూడోది చితికి, రసం మణికట్టు దాకా కారింది. నాలుగోదానికి పోచమ్మ కొంగు నోట్లో కుక్కుకొని లోపలికి పోయింది. చిన్నదొరసాని మెడలోని గొలుసు పట్టుకొని, "అట్ల కాదు కనకయ్యా, మెల్లగా," అంటోంది. ఐదోది తెగాక ఆఫీసరు అతని చేతి మీద బెత్తంతో తట్టాడు. చాలన్నట్టు.

పది గంటలకు దొర షికారు పడవలో తొమ్మిది మంది ఎక్కారు. కనకయ్యను ముందు నిలబెట్టి చేతికి గడ ఇచ్చారు. దారి అతనికే తెలుసు. తప్పుదారి పట్టిస్తే కొమురమ్మ క్యాంపులో ఉందని దొర గుర్తు చేశాడు. అది నిజం, సంజీవ అప్పటికే ఆమెను తీసుకువచ్చాడు. సంజీవ కనకయ్య వైపు చూడలేదు.

పడవ అల్లి పూలు దాటింది. కలువలు దాటింది. జమ్ము నడుమ సందులోకి తిరిగే చోట కనకయ్య గడ ఎత్తి నీళ్ళ మీద బలంగా కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. వెనక నుంచి తుపాకీ మడమ భుజం మీద పడింది. పిట్టలు లేచాయి. తుమ్మల మీది కొంగలు, నీటికాకులు, జమ్ములోని నీటికోళ్ళు, చిలువలు, అన్నీ ఒక్కసారి లేచాయి. వాటి నీడ పడవ మీద నుంచి పోయింది. ఇన్ని పిట్టలు ఒకేసారి లేవడం కనకయ్య చలికాలపు షికార్లలో కూడా చూడలేదు.

జమ్ము సందులోంచి లంక కనబడింది. రెడ్యా మొహం మీద తువ్వాల కప్పుకొని పడుకొని ఉన్నాడు. సత్తెమ్మ నీళ్ళ అంచున గొంతుక్కూర్చొని గట్క ముంత తోముతోంది. తలెత్తి పిట్టలను చూసింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని అవి పోయిన వైపు చూసింది. మళ్ళీ తల దించి ముంత తోముకుంది.

"బిడ్డా!" అని అరిచాడు కనకయ్య. పిట్టల అరుపుల్లో ఆ మాట తనకే సరిగా వినబడలేదు.

లంక మీద ఎదురుకాల్పులు జరిగాయని, ఇద్దరు చనిపోయారని క్యాంపు కాగితంలో రాశారు. ఆ ఇద్దరి దగ్గరా ఉన్నది ఒక్క తుపాకీ. అది తడవకుండా తుమ్మ కొమ్మకు వేలాడుతోంది. చివరిదాకా అక్కడే వేలాడిందని కనకయ్య చెబుతాడు. అతని మాట రాసుకున్నవాళ్ళు లేరు.

తుపాకుల చప్పుడుకు గూళ్ళలోంచి కొంగ పిల్లలు రాలాయి. రెక్కలు రానివి నీళ్ళలో పడి కొట్టుకున్నాయి. సిపాయిలు వాటిని ఏరి ఒక గోనెసంచిలో వేసుకున్నారు.

ఆ సాయంత్రం గడీ వాకిట్లో సద్దుల బతుకమ్మ ఆడారు. నడుముదాకా పేర్చారు. చిన్నదొరసాని ఆడడానికి రాలేదు. జ్వరమని చెప్పారు. గొలుసు మెడలో నుంచి తీయనివ్వలేదని, నల్లబడి తనంతట తనే తెగిపోయిందని పోచమ్మ తర్వాత వాడలో చెప్పింది.

కొమురమ్మను మర్నాడు వదిలారు; తూము చూసే మనిషి ఇంకొకడు లేడని దొర కనకయ్యను కూడా క్యాంపు నుంచి విడిపించుకున్నాడు. మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. ఆషాఢంలో కొంగలు వచ్చాయి, అదే తుమ్మల మీద పుల్లలు పేర్చాయి. క్యాంపు కేసముద్రానికి మారింది. కంచరగాడిదలు లేవు కాబట్టి ఒడ్డు పక్కనే కలువలు పూశాయి. లంకకు పోవలసిన పని లేకపోయింది. ఎంగిలిపూల ముందు రోజు సంజీవ వచ్చి, పూలు తెమ్మన్నారని వాకిట్లో నిలబడే చెప్పి పోయాడు. కొమురమ్మ అతనికి మంచినీళ్ళు ఇవ్వలేదు. కనకయ్యకు కూడా ఆ పూట బువ్వ పెట్టలేదు. ఏడాదిగా ఆమె అతనితో మాట్లాడినవి లెక్కపెట్టినన్ని మాటలు. ఆ రోజు మాత్రం అంది.

"పోతవా?"

"పోత."

"పో. నీకు చాతనైంది అదే."

కనకయ్య పూలు కోశాడు. కోసిన ప్రతి పువ్వునూ తిప్పి చూసి గంపలో వేశాడు. గడీ వాకిట్లో గంప దించాడు. పది అడుగులు వెనక్కి నడిచాడు. పోచమ్మ వచ్చి నీళ్ళు చల్లి, ఆకులు తీసి, తాంబాళం కోసం లోపలికి పోయింది. అరుగు మీద దొర ఒక్కడే కూర్చొని ఉన్నాడు. గంప వైపే చూస్తున్నాడు.

కనకయ్య ముందుకు నడిచాడు. గంప పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టాడు. పూలు ఒక్కొక్కటే తీసి నేల మీద వేశాడు. ఆకులు తీశాడు. అడుగున ఉన్న నాచు తీశాడు. గంప అల్లిక సందుల్లో వేళ్ళు పెట్టి చూశాడు.

"ఏం దేవులాడుతున్నవ్‌రా?" అన్నాడు దొర.

"ఏం లేదు దొరా," అన్నాడు కనకయ్య. "ఇందుల ఏం లేదు."

పోచమ్మ తాంబాళంతో గుమ్మంలో ఆగిపోయింది. లోపలి కిటికీ తలుపు ఒకటి మూసుకుంది.

"మైలపడ్డయి. పారబొయ్యి," అన్నాడు దొర పోచమ్మతో. తర్వాత కనకయ్యతో, "మా నాయిన కాలమైతే నీ వీపు మీద బండ ఉండు. దినాలు మారినయని ఊకుంటున్న," అన్నాడు.

పోచమ్మ పూలను చీపురుతో ఊడ్చి పెంట మీద పోసింది. కనకయ్య ఖాళీ గంప తీసుకొని లేచాడు. చేతులు ధోవతికి తుడుచుకున్నాడు. ఎగువ మళ్ళకు నీళ్ళు విడిచే పొద్దయింది. తూము వైపు నడిచాడు.